బీడు మీద ఒక్క గుడ్డు

ఏడాదికి నేను పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. దానికి గూడు ఉండదు, చెట్టు ఉండదు. గడ్డి బీడులో ఉత్త నేల మీద పెట్టి దాదాపు నాలుగు వారాలు పొదుగుతాను. మగపక్షి మెడ కింది సంచిని ఉబ్బించి, బీడంతా గుమ్మని మోగేలా నన్ను పిలుస్తుంది. జత కలిశాక దాని దారి దానిది. పొదగడం, కాపు కాయడం, పిల్లను సాకడం అన్నీ నావే. ఈ ఒక్క గుడ్డు లెక్కను మనసులో పెట్టుకుని మిగతా నా కథ వినండి.

మీరు నన్ను బట్టమేక పిట్ట అంటారు. పిట్టనే గాని చిన్నదాన్ని కాను. మీటరు ఎత్తు ఉంటాం, మగవి పదిహేను కిలోల దాకా తూగుతాయి. ఇంత బరువుతో గాలిలోకి లేవగల పక్షులు లోకంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. దేశానికి జాతీయ పక్షిని ఎంచే రోజుల్లో సాలిం అలీ గారు నా పేరే చెప్పారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. ఇప్పుడు నా జాతిలో స్వేచ్ఛగా తిరిగేవి నూట యాభైకి మించవు. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ఇసుక నేలల్లోనే ఉన్నాయి. 2011 నుంచి ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో నాది అంతరించిపోవడానికి ఒక్క మెట్టు ముందున్న వరస.

ఇక్కడ నేను అంటున్నది ఒక్క పిట్ట గురించి కాదు. రోళ్లపాడు నేల మీద గుడ్డు పెట్టిన తల్లులందరి మాటా నాదే. నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో ఉంది ఆ ఊరు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడ ఉండి మా నడక, మా తిండి, మా పిలుపు అన్నీ రాసుకున్నారు. అప్పుడు మేం పదుల సంఖ్యలో ఉండేవాళ్ళం. 1988లో 614 హెక్టార్ల గడ్డి నేలను మా కోసం అభయారణ్యంగా ప్రకటించారు. కృష్ణజింకలు పెరిగాయి, తోడేళ్ళు తిరిగాయి, చలికాలంలో మధ్య ఆసియా నుంచి పిల్లి గద్దలు వచ్చి రాత్రిళ్ళు ఆ గడ్డిలో వాలేవి. మేం మాత్రం తగ్గుతూ వచ్చాం. ఇవాళ అక్కడ నేను కనిపించడం గగనమైపోయింది.

614 హెక్టార్లు కాగితం మీద పెద్ద అంకె. కానీ నా కడుపు ఆ హద్దులో నిండదు. పొద్దున్నే బీడు దాటి చుట్టుపక్కల చేలలోకి నడుచుకుంటూ వెళ్ళేదాన్ని. కొర్ర చేలు, జొన్న చేలు, బుడ్డల చేలు. మిడతలు, పేడ పురుగులు, కంది పూత మీద వాలే బొబ్బల పురుగులు, తేళ్ళు, బల్లులు, రేగుపళ్ళు, రాలిన గింజలు నా తిండి. అందులో రైతుకు నష్టం చేసేవే ఎక్కువ. కోసిన చేలో నేను ఏరుకు తినే నాలుగు కాయల కంటే నేను చేసిపెట్టే పని ఎక్కువే ఉండేది. ఆ ఊళ్ళ పెద్దలకు ఈ సంగతి తెలుసు. నన్ను తరిమిన రైతులు తక్కువ.

తర్వాత నీళ్ళు వచ్చాయి, పంటలు మారాయి, వీపున పురుగు మందు పంపు వేసుకున్న మనుషులు వచ్చారు.

నా జాతి తగ్గడానికి మందు ఒక్కటే కారణమని నేను అనను. తుపాకులు మమ్మల్ని తరతరాలుగా వేటాడాయి. బీళ్ళు దున్నేశారు. కరెంటు తీగలు ఇప్పుడు అన్నిటికంటే పెద్ద గండం. మా కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ కనిపించేసరికి ఈ బరువుతో పక్కకు తప్పుకోలేం. సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన మాట అది. అయితే తీగకు తగిలి చచ్చిన పిట్ట ఆ తీగ కిందే పడి ఉంటుంది. ఫోటో తీస్తారు, లెక్కలో రాస్తారు. మందు తిన్న మిడతను మింగిన పిట్ట ఎక్కడో గడ్డిలో ఒరిగిపోతుంది, రాత్రికి నక్క ఈడ్చుకుపోతుంది. ఇంకో చావుకు శవం కూడా ఉండదు. పురుగుల్లేని చేలో తల్లి రోజంతా వెతికినా పిల్లకు చాలినన్ని దొరకవు. గుడ్డు నుంచి వచ్చిన కొత్తలో నా పిల్లకు పురుగే ప్రాణం. ఆ పిల్ల ఎందుకు బతకలేదో ఏ రిజిస్టరులోనూ ఉండదు. అందుకే మందు గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

నా ఒక్క గుడ్డు లెక్కకు ఇప్పుడు వద్దాం. పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కల పురుగు ఆకు అడుగున వందల గుడ్లు గుంపుగా పెడుతుంది. శనగపచ్చ పురుగు ఒక్కొక్కటిగా పెట్టినా వందల్లోనే పెడుతుంది. నెలా నెలన్నరలో మరో తరం దిగుతుంది. మందు కొడితే నూటికి తొంభై చస్తాయి. ఆ పది మందుకు తట్టుకున్నవి, వాటి పిల్లలూ తట్టుకుంటాయి. రెండో సారి మోతాదు పెంచాలి, మూడోసారి రెండు మందులు కలపాలి. పురుగు తన నష్టాన్ని ఒక్క కారులోనే పూడ్చుకుంటుంది. నేను పోగొట్టుకున్న ఒక్క పిల్లను పూడ్చుకోవాలంటే ఏడాది ఆగాలి, ఆ ఏడు కుక్కలు, కాకులు, దున్నే ట్రాక్టర్లు అన్నీ నన్ను వదిలిపెట్టాలి. ఒకే విషం ఇద్దరి మీదా పడితే ఎవరు మిగులుతారో వేరే చెప్పక్కర్లేదు.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగలేదు. అప్పు చేసి కొన్న మందు పోసినకొద్దీ పురుగు పెరిగింది. పదేళ్ళ తర్వాత వరంగల్లులో అదే జరిగింది. ఎంతమంది రైతులు అదే డబ్బా ఎత్తి తాగారో మీ ఇళ్ళలోనే తెలిసినవాళ్ళుంటారు. చేలో నాకు, ఇంట్లో వాళ్ళకు చావు ఒకే సీసాలోంచి వచ్చింది.

లద్దె పురుగుకు పెట్టే విషపు ఎర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఐదు కిలోల తవుడు, అరకిలో బెల్లం, అర లీటరు మోనోక్రోటోఫాస్ కలిపి ఉండలు చేసి సాయంత్రం పూట మొక్కల మొదళ్ళలో చల్లేవారు. పురుగు రాత్రి తింటుంది. మిగిలిన ఉండలు తెల్లారేదాకా అలాగే ఉంటాయి. నేను నేల మీద ఏరుకుని బతికేదాన్ని, తెల్లవారుజామునే మేతకు దిగేదాన్ని. విత్తనాలకు ఇమిడాక్లోప్రిడ్ పట్టించి విత్తినప్పుడు పైన మిగిలిపోయిన గింజలూ అంతే. పిట్టకు ఆ గింజ విషమే.

మందు పక్షిని చంపగలదని చెప్పడానికి నా మాట చాలకపోతే సాక్ష్యాలున్నాయి. 1980ల చివర్లో భరత్‌పూర్ పక్షి సంరక్షణ కేంద్రంలో సారస కొంగలు చుట్టుపక్కల పొలాల్లో వేసిన ఆల్డ్రిన్ వల్ల చచ్చిపోయాయి. అభయారణ్యం గోడ వాటిని కాపాడలేదు. 1995-96లో అర్జెంటీనా పొలాల్లో మిడతలపై మోనోక్రోటోఫాస్ కొట్టారు. ఉత్తర అమెరికా నుంచి వలస వెళ్ళిన స్వెయిన్సన్ గద్దలు ఆ మిడతలను తిన్నాయి. ఆ ఒక్క సీజన్‌లో చచ్చినవి ఇరవై వేల దాకా ఉంటాయని అంచనా. ఆ దేశం మిడతల మీద ఆ మందు వాడకాన్ని ఆపించింది, మూకుమ్మడి చావులు ఆగాయి. అదే మందును భారతదేశంలో 2005లో కూరగాయల మీద వద్దన్నారు. 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు రావడానికి 2023 దాకా పట్టింది. నా జాతికి ఇది చాలా ఆలస్యం.

మందు లేకుండా సేద్యం సాగదని నాతో అనకండి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పురుగు మందు దుకాణం మెట్లెక్కడం మానేసి పత్తి పండించారు. జనగామ దగ్గర ఏనెబావి ఊరంతా 2006 నాటికి రసాయనాలు వదిలేసింది. వాళ్ళ చేతిలో ఉన్నవి వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, గట్టు మీద ఎర పంటగా ఆముదం, చేను మధ్య పక్షులు వాలడానికి పాతిన పంగల కర్రలు. ఆ పంగల మీద వాలే ఏట్రింతలు, పాలపిట్టలు నా చుట్టాలే. అక్కడ పిట్టను పనికి పిలిచారు.

అమెరికాలో 1973 నుంచి అంతరించే ప్రాణులకు చట్టం ఉంది. దాని వల్ల అక్కడ కొన్ని మందు డబ్బాల లేబుల్ మీద ఒక మాట ఉంటుంది: కొట్టే ముందు మీ ప్రాంతపు బులెటిన్ చూడండి అని. ఏ ప్రాణి ఉన్న చోట, ఏ నెలల్లో, ఏ మందు కొట్టకూడదో అందులో ఉంటుంది, దాన్ని పాటించి తీరాలి. ఇక్కడి డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులున్నాయి. అవి ఆ మందు ఎంత విషమో చెప్తాయి. ఆ పొలం పక్క బీడులో ఎవరు గుడ్డు పెట్టారో చెప్పవు. రోళ్లపాడు చుట్టూ ఉన్న ఊళ్ళకైనా, జైసల్మేర్‌లో మావాళ్ళు తిరిగే ఊళ్ళకైనా అలాంటి కట్టడి ఒకటి రావాలి. వానాకాలం మేం గుడ్లు పెట్టే నెలల్లో ఎరుపు, పసుపు గుర్తుల మందులు అక్కడ అమ్మకూడదు. ఆ కట్టడి వల్ల రైతుకు దిగుబడి తగ్గితే ఆ నష్టం ప్రభుత్వమే భరించాలి. పిట్టను బతికించే ఖర్చు రెండెకరాల మెట్ట రైతు నెత్తిన పెట్టడం అన్యాయం.

రైతన్నా, చట్టం వచ్చేదాకా నువ్వు చేయగలిగింది ఒకటుంది. మందు కొట్టే ముందు చేలోకి దిగి పది చోట్ల ఆకులు తిప్పి చూడు, పురుగులు లెక్కపెట్టు. వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పే నష్ట పరిమితికి లెక్క తక్కువుంటే ఆ రోజు పంపు ఇంటికి తీసుకెళ్ళిపో. విషపు ఉండలు చల్లకు. మందు పట్టించిన విత్తనం పైన కనిపిస్తే మన్ను కప్పు. బీడు పక్కనున్న నాలుగు సాళ్ళు మందు లేకుండా వదిలిపెట్టు.