గిరీశం గోవా వెళ్తాడట

సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల ఏ ఇరానీ హోటల్లో కూర్చున్నా పక్క బల్ల దగ్గర ఒక సినిమా తయారవుతూ ఉంటుంది. ఇద్దరు కుర్రాళ్లు, ఒక ల్యాప్‌టాప్, రెండు చాయ్‌లు, మధ్యలో ఉస్మానియా బిస్కెట్లు. ఒకప్పుడు ఈ బల్లల మీద కొరియన్ సినిమాలు నలిగేవి. ఇప్పుడు ఆ కొరియన్ సినిమా మనకంటే ముందు ప్రేక్షకుడే ఓటీటీలో చూసేస్తున్నాడు. మలయాళం రీమేక్ చేద్దామన్నా అదే గతి. దాంతో మనవాళ్ల చూపు సాహిత్యం మీద పడింది. ‘క్లాసిక్‌ని యూత్‌కి దగ్గర చెయ్యాలి బ్రో’ అనే మాట మొదలైంది.

క్లాసిక్ మీద ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎందుకు పొంగిందో తెలియాలంటే సాహిత్యం చదవక్కర్లేదు, కాపీరైట్ చట్టం చదివితే చాలు. ‘కన్యాశుల్కం’ నాటకం రాసిన గురజాడ అప్పారావు 1915లోనే కన్నుమూశారు. రైట్స్‌కి పైసా కట్టక్కర్లేదు. నేరేషన్ మధ్యలో లేచి ‘మా మధురవాణి అలా మాట్లాడదండీ’ అని అడ్డుపడే రచయిత ఉండడు. టైటిల్ అందరికీ తెలుసు, పుస్తకం ఎవరూ పూర్తిగా చదవలేదు. ఇంతకంటే మంచి సరుకు సినిమావాడికి ఎక్కడ దొరుకుతుంది?

ఇలాంటి లైన్లన్నీ వడగట్టి ఒకటి చేస్తే వచ్చేది ఇదీ. గిరీశం సైనిక్‌పురిలో ఖాళీగా ఉంటూ లైఫ్ కోచ్‌నని చెప్పుకుని రీల్స్ చేసుకుంటాడు. వెంకటేశానికి బీటెక్‌లో బ్యాక్‌లాగులు. పూటకూళ్లమ్మ పీజీ హాస్టల్ నడుపుతుంది. రామప్పపంతులు రియల్ ఎస్టేట్. మధురవాణి పబ్బులో డీజే. మధ్యలో అందరూ పార్టీకి గోవా వెళ్తారు. ఇంతవరకూ సరదాగానే ఉంది, ఒప్పుకుంటాను. రామప్పపంతులు రియల్ ఎస్టేట్‌లో భేషుగ్గా రాణిస్తాడు కూడా. అసలు సంగతి బుచ్చమ్మ దగ్గరికి వచ్చేసరికి బయటపడుతుంది. చిన్నప్పుడే ముసలివాడికి అమ్మేస్తే వితంతువై పుట్టింట్లో పడి ఉన్న పిల్ల బుచ్చమ్మ. ‘విడో యాంగిల్ హెవీ అయిపోతుంది బ్రో, బ్రేకప్ పెడదాం.’ మరి ఆమె చెల్లెలు సుబ్బిని మళ్లీ ఇంకో ముసలి లుబ్ధావధాన్లకి కట్టబెట్టబోయే కథ? ‘చిన్నపిల్ల ట్రాక్‌తో సెన్సార్ ప్రాబ్లం. తీసేశాం.’

అంటే కన్య లేదు. శుల్కమూ లేదు. పేరు మాత్రం ఉంచారు, రీచ్ ఉంటుందని.

ఇంతకీ గురజాడకి ఈ కథ ఎక్కడి నుంచి వచ్చింది? 1897 నాటి తొలి ముద్రణకి ఆయన ఇంగ్లీషులో ముందుమాట రాశారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించారట. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో తేలిన పెళ్లిళ్లు 1,034. వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకి అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ ఏడాది పాపల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరం కుదిరేదని ఆయనే రాశారు. ఇది చదివిన మనిషి నవ్వించడానికి పూనుకున్నాడు. 1892లో జగన్నాథ విలాసినీ సభవాళ్లు విజయనగరంలో దాన్ని ఆడారు, జనం నవ్వారు. ఆ నవ్వు వెనక ఉన్నది ఈ లెక్క. దీన్ని తీసేసి బ్రేకప్ పెడితే మిగిలే నవ్వు ఏ రకందో మీరే చెప్పండి.

‘పెద్దాయనకి పార్టీలంటే పడదు’ అని ఇక్కడ నా గురించి ఎవరో ఒకరు అంటారు. అయ్యా, కన్యాశుల్కంలో పార్టీకి లోటేమిటి? సారా దుకాణం దగ్గర ఒక రంగం ఉంది. బైరాగి, హవల్దారు, దుకాణదారుడు, మరో ఇద్దరు ముగ్గురు చేరి తాగుతూ వేదాంతం దంచుతారు. గ్లాసు ఖాళీ అవుతున్న కొద్దీ బైరాగి మహిమలు పెరుగుతుంటాయి. పోలీసు, సన్యాసి, సారా ముగ్గురూ ఒక్క చెట్టు కింద చేరితే ఊరు ఎలా నడుస్తుందో ఆ రంగం ఒక్కటి చూస్తే తెలిసిపోతుంది. ఇక వేశ్య మధురవాణి ఇంట్లో పేకాట. పోలిశెట్టి, భుక్త, సిద్ధాంతి ముక్కలు పట్టుకుని కూర్చుంటారు. పగలు ముహూర్తాలు పెట్టే సిద్ధాంతి రాత్రి ఎక్కడ ఉంటాడో తెలుస్తుంది. పోలిశెట్టి పైసా పైసాకీ గిలగిల్లాడుతుంటే మధురవాణి ఆడిస్తూ ఉంటుంది. ప్యాట్నీ దగ్గరి హరిహర కళాభవన్ లాంటి చోట ఈ రంగం పడితే ముందు వరసల్లోని పెద్దవాళ్లు నటుడికంటే ముందే డైలాగు అందించేస్తారు.

అదీ పార్టీ. నలుగురూ చేరి తాగుతారు, ఆడతారు, ఆ మత్తులో ఒక్కొక్కడి ముసుగు జారుతుంది. మన యూత్ సినిమాలో పార్టీ అంటే నీలం లైట్లు, స్లో మోషన్, కింద మూలన ఆరోగ్య హెచ్చరిక. పాట అయిపోయేసరికి ఎవడి గురించీ మనకి కొత్తగా ఒక్క ముక్క తెలీదు, హీరోకి డాన్స్ వచ్చని తప్ప.

గోవా మీద నాకు పగేమీ లేదు. 2018లో వచ్చిన ‘ఈ నగరానికి ఏమైంది’ తాగి గోవాలో తేలిన నలుగురు స్నేహితుల కథ, దానికి గోవా కావాలి. 2007 నాటి ‘హ్యాపీ డేస్’కి కాలేజీ కావాలి. పద్మారావునగర్ శేఖర్ కమ్ముల దానికోసం ఏ పాత నాటకాన్నీ పట్టుకుని లాగలేదు, తనకి తెలిసిన కుర్రాళ్ల కథ తను రాసుకున్నారు. కృష్ణరాయపురం అగ్రహారానికి వెళ్లాల్సిన గిరీశాన్ని బాగా బీచికి తీసుకెళ్లాల్సిన అగత్యం ఎవరికొచ్చిందన్నదే నా ప్రశ్న. అగ్రహారంలో అతనికి పనుంది. అక్కడ బుచ్చమ్మ ఉంది. ఆమె తండ్రి అగ్నిహోత్రావధాన్లకి కోర్టు దావాల పిచ్చి. వచ్చీరాని ఇంగ్లీషు ముక్కలతో ఆ ఇంటిని బోల్తా కొట్టించవచ్చు. బీచిలో ఎవణ్ణి బోల్తా కొట్టిస్తాడు, పీతల్నా?

ఆ ఇంగ్లీషు గురించి కూడా చెప్పుకోవాలి. గిరీశం నోట ఇంగ్లీషు పెట్టింది అతన్ని చూసి మనం నవ్వడానికి. ఆ ముక్కలు అతుకుల బొంతలా వేలాడుతుంటే, దాన్ని చూసి శిష్యుడు వెంకటేశం చేతులు జోడిస్తుంటే నవ్వొస్తుంది. కొత్త లైన్లో అదే ఇంగ్లీషు హీరో స్టైలైపోయింది. గురజాడ ఎవరిని వెక్కిరించాడో వాడికే ఇంట్రో సాంగ్. పైగా ‘పాత నాటకం భాష యూత్‌కి ఎక్కదు’ అంటారు. 1892లో తోటివాళ్లు గ్రంథంలా రాస్తుంటే ఇళ్లలో మాట్లాడినట్టు రాసిన మనిషి ఆయన. ఉత్తరాంధ్ర యాసలో యూట్యూబ్ వీడియోలు వస్తే పొట్ట చెక్కలయ్యేలా నవ్వే కుర్రాడికి పూటకూళ్లమ్మ తిట్లు అర్థం కావా?

ఇక ఆడవేషం సంగతి. మహారాజు వారి నాటక కంపెనీలో విదూషకుడు కరటకశాస్త్రి. తన మేనకోడలు సుబ్బిని కాపాడుకోడానికి శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లకి అంటగడతాడు. మన పార్టీ సినిమాకి ఈ ముక్క దొరికిందంటే చాలు, సెకండాఫ్ మొత్తం అదే: చీర, విగ్గు, తాగిన ముసలాడు, మూడు పాత జోకులు. చిత్రంగా అదే 1892లో ఇంగ్లండులో ‘చార్లీస్ ఆంట్’ అనే ప్రహసనం కూడా మొదలైంది. అందులోనూ మగాడికి ఆడవేషమే, అది నవ్వుకోసం నవ్వు, హాయిగా చూడొచ్చు. గురజాడ మాత్రం వేషం తీయించి ఊరుకోలేదు. పెళ్లయ్యాక ఆ ‘పెళ్లికూతురు’ మాయమైతే లుబ్ధావధాన్ల మీద హత్య కేసు పడుతుంది! పుట్టని పిల్లని చంపాడని సాక్ష్యాలు తయారవుతాయి. పోలీసులూ ప్లీడర్లూ ఎగబడతారు. ఎదిగీ ఎదగని పిల్లల్ని కొనుక్కోవడానికి అడ్డు చెప్పని చట్టం, లేని ఆడపిల్ల చచ్చిపోయిందని మాత్రం ముసలాణ్ణి పట్టుకుంటుంది. ఈ మలుపు ముందు ఏ ఇంటర్వెల్ బ్యాంగ్ నిలుస్తుంది? అయినా దీన్ని ‘ల్యాగ్’ అని తీసేస్తారు.

చివర్లో ఏమవుతుందో తెలుసు కదా. ప్లీడరు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపుతాడు. గిరీశానికి పిల్ల దక్కదు. అతని ఆఖరి మాట నాటకం చదవనివాళ్లకీ నోటికొచ్చు. అంటే హీరోకి హీరోయిన్ని ఇవ్వని ముగింపు. ‘పాతాళభైరవి’తో స్టారైన ఎన్టీఆర్ 1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో ఈ మోసగాడి వేషం కట్టారు, పక్కన మధురవాణిగా సావిత్రి. ఈ కాలం హీరో అయితే శంషాబాద్ విమానాశ్రయంలో మారిన మనిషై పరిగెడతాడు. బుచ్చమ్మ చెకిన్ బ్యాగు వదిలేసి వెనక్కి తిరుగుతుంది.

నాటకాన్ని ఈ కాలానికి తేవడమే పాపమని నేననను. కన్యాశుల్కం మొత్తం ఆడితే రాత్రి చాలదు, కోసుకోవాల్సిందే. పని తెలిసినవాళ్లు ఎలా చేస్తారో మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. ఆస్కార్ వైల్డ్ నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ 1895లో లండన్‌లో మొదలైంది. కన్యాశుల్కం ఆడడానికీ అచ్చవడానికీ మధ్య అన్నమాట. అందులో ఒక అమ్మాయికి ఎర్నెస్ట్ అనే పేరున్న వాణ్ణే చేసుకోవాలని పట్టుదల. ఇంద్రగంటి మోహనకృష్ణ 2008లో దాన్ని ‘అష్టా చమ్మా’ చేశారు. లండన్ దొరసానుల పేరు పిచ్చికి మన దగ్గర దీటైన పిచ్చి ఏదా అని వెతికి సినిమా హీరో పిచ్చిని పట్టుకున్నారు. లావణ్యకి మహేష్ అనే పేరున్నవాడే కావాలి. లక్కవరం రాంబాబు హైదరాబాదులో మహేష్‌నని అబద్ధమాడతాడు, స్నేహితుడు ఆనంద్ లక్కవరం వెళ్లి నేనే మహేష్‌నంటాడు. నానికి హీరోగా అది మొదటి సినిమా. చూసిన కుర్రాళ్లలో వైల్డ్ పేరు విననివాళ్లే ఎక్కువ అయి ఉంటారు, అయినా ఆయన ఎవరిని గిల్లాలనుకున్నాడో అది వాళ్లకి తగిలింది. (కరటకశాస్త్రి శిష్యుడు మహేశం, ఇక్కడ మహేష్. అబద్ధపు పెళ్లిళ్లకి ఈ పేరు అచ్చొచ్చినట్టుంది.)

ఆ లెక్కన కన్యాశుల్కానికి ఈ కాలంలో దీటేమిటో వెతకడానికి గోవా దాకా పోనక్కర్లేదు. ఆడపిల్లకి డబ్బిచ్చే రోజులు పోయి మగపిల్లాడికి ఇచ్చే రోజులొచ్చాయని కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ ఎప్పుడో రాశారు. 1939లో అది సినిమా కూడా అయింది, భానుమతికి తొలి సినిమా. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. మాఘమాసంలో ఒక సాయంత్రం సిక్ విలేజ్, బోయినపల్లి వైపు ఫంక్షన్ హాళ్ల ముందు కాస్త తచ్చాడితే చట్టం ఎంత బాగా అమలవుతోందో పార్కింగులోనే తెలుస్తుంది. పిల్లాడి ప్యాకేజీ ఎంత, వీసా ఏది, కొంపల్లి ఫ్లాటు ఎవరి పేరున అన్న బేరాలన్నీ పట్టుచీరల మధ్య ‘మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం’ అన్న ఒక్క మాటలో నడిచిపోతాయి. రామప్పపంతులు అక్కడే తిరుగుతుంటాడు, చేతిలో రెండు ఫోన్లు. లుబ్ధావధాన్లకి కొత్త వేషం వెయ్యక్కర్లేదు, వరుడి తండ్రిగా ముందు సోఫాలోనే కూర్చుని ఉంటాడు. డీజే, డ్రోన్ కెమెరా, సంగీత్‌లో తాగి ఊగే బావమరుదులు, అందరూ సిద్ధం. కుర్రాళ్లు కోరిన పార్టీ అంతా అక్కడే ఉంది, సెట్టు ఖర్చు కూడా ఉండదు.

ఇదే లైన్ ఆ ఇరానీ హోటల్ బల్ల దగ్గర చెప్పి చూడండి. కుర్రాడు ఎగిరి గంతేస్తాడు. తర్వాత నిర్మాత దగ్గరికి వెళ్తాడు. వెళ్లేముందు ఆ నిర్మాత ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కొడుకున్నాడేమో ఒకసారి వాకబు చేసుకోమనండి.