ముఖపరీక్ష

మా పొరుగున నివసించు విశ్రాంత తహసీల్దారుగారు తమ ఉద్యోగకాలమందు గెజిటెడు సంతకము లేని కాగితమును కాలితోనైన తాకని మహానుభావులగుటచే, ఆమధ్య కాశీకి వెళ్లి విశ్వనాథుని సందులో ఏకముఖి రుద్రాక్షను బేరమాడునప్పుడు, దాని మహిమనుగూర్చి ఒక్క మాటయైన అడుగక, "కాగితాలేవి?" అని ప్రశ్నించిరట. వర్తకుడు చిరునవ్వు నవ్వి, ఎక్స్‌రే చిత్రముతోను తళతళలాడు హోలోగ్రాముతోను కూడిన ధ్రువపత్రమును చేతికిచ్చెను. భూమికి అడంగలు ఎట్లో రుద్రాక్షకు ఇది యట్లని వీరు సంతసించి, పింఛను సొమ్ములో పెద్ద భాగమును అక్కడనే సమర్పించి వచ్చిరి.

పూర్వులకు ఈ చింత లేకపోలేదు. ఉసిరికాయంతది ఉత్తమము, రేగుపండంతది మధ్యమము, శనగగింజంతది అధమము అని రుద్రాక్షజాబాలోపనిషత్తు నిర్ణయించి, పురుగు తొలిచినవానిని, పగిలినవానిని, ముళ్లు లేనివానిని వర్జింపుమని చెప్పి, గీటురాయిపై బంగరు గీత పడునదే శ్రేష్ఠమని పరీక్షను కూడ విధించినది. ఋషి రేగుపండును పోలికకు మాత్రమే తెచ్చెను. తరువాతివారు రేగుగింజనే చెక్కి రుద్రాక్షయనుట మొదలిడిరి. రుద్రాక్షపిల్లి యను మాటను పుట్టించిన మన పెద్దలు సైతము పిల్లిని అనుమానించిరే గాని, దాని మెడలోని రుద్రాక్షను అనుమానింపలేదు.

వారు కాశీనుండి తిరిగి వచ్చిన సాయంకాలము తహసీల్దారుగారి వాకిట పరీక్షకుల సభ కొలువుదీరెను. నీట మునిగినది అసలు, తేలినది నకిలీ యని ఒకరనిరి. చక్కగా ఎండి తేలికపడిన అసలుది తేలవచ్చును, సీసము మింగిన నకిలీది మహాగంభీరముగా అడుగంటవచ్చును గదా యని నేననగా, నన్ను నాస్తికుల జాబితాలో వ్రాసికొనిరి. రెండు రాగి నాణెముల నడుమ నొక్కినచో అసలుది తనంత తాను తిరుగునని మరియొకరు పలుకుటయు, విక్టోరియా రాణి నాటి కాణీలు రెండు వెదకి తేబడెను. తిరిగినది, సభ పులకించినది. ఇంతలో తహసీల్దారుగారి మనుమడు తాను తిని ఉమ్మిన రేగుగింజను అదే కాణీల నడుమ నొక్కి, "తాతయ్యా, ఇదీ తిరుగుతోంది!" అని కేక పెట్టెను. గరుకైన వస్తువును వ్రేళ్లతో నొక్కినపుడు అది తిరుగుటలో వింత యేమున్నది? కాని తాతగారు తొణకక, "దానికి కాగితాలు లేవురా" అనిరి.

మరుగునీటిలో ఉడికించుట యను పరీక్షకు మాత్రము కొంత న్యాయము కలదు. రెండు పంచముఖులను బంకతో నతికి సహజముగా జంటగా కాచిన గౌరీశంకరమని అమ్మినచో, ఆ దంపతులు గిన్నెలో కొంతసేపటికే విడాకులు పుచ్చుకొందురు. ఎక్స్‌రేయు నిరర్థకము కాదు. వృక్షశాస్త్రజ్ఞులు ఎలియోకార్పస్ గానిట్రస్ అని పిలుచు ఈ చెట్టు పండులోని టెంకయే రుద్రాక్ష. టెంకలో ఎన్ని అరలో పైన అన్ని గీతలు, అనగా ముఖములు; ఆ అరలను ఎక్స్‌రే చూపును. ఆ పండు పండినపుడు నిగనిగలాడు నీలివన్నెలో నుండును గాని, ఆ నీలము రంగుపదార్థము వలనిది కాదు, తొక్కలోని సూక్ష్మనిర్మాణము వెలుగుతో చేయు గారడి. అనగా మాయ చేయుటలో వర్తకునికంటె చెట్టే ముందు.

నేపాళమున అరుణ్ నదీలోయలో లావుపాటివి, జావాద్వీపమున చిన్నవి కాయు ఈ చెట్లు మిక్కిలిగా ప్రసాదించునది పంచముఖియే. చౌకగా దొరకు దానిని నకిలీ చేయుటకు ఎవ్వనికిని గిట్టదు గనుక అది చాలవరకు నిక్కమైనది. నిక్కమైనది గనుక దానిని ఎవ్వరును పరీక్షింపరు. పరీక్షకు నోచనిది గనుక దానికి గౌరవము లేదు. గౌరవము కావలెనన్నచో పైన నాలుగు గీతలు అదనముగా చెక్కించుకొని నవముఖి కావలసినదే. ఆ ఘడియ నుండి అది నకిలీ, అది మొదలు దానికి విలువ. ఈ బజారులో ధర నిలుచునది వస్తువు మీద కాదు, సందేహము మీద. ఏకముఖిని మించి సందేహింపదగినది లేదు గనుక దానిని మించిన వెలయు లేదు.

సభ ముగిసిన పిదప ఆ ధ్రువపత్రమును నేను చదివితిని. తహసీల్దారుగారికి ముద్రను, సంతకమును చూచుటయే గాని విషయము చదువు అలవాటు మొదటినుండియు లేదు. జీడిపప్పువలె వంకరగానున్న ఆ వస్తువు "సహజమైన విత్తనము" అనియు, దానిపై "ఒక గీత గలదు" అనియు, బరువు ఇంత యనియు అందులో సత్యమే వ్రాసిరి. రుద్రాక్ష యను మాట ఆ పత్రమున ఎక్కడను లేదు. వీరికి చెప్పుటకు నాకు నోరు రాలేదు.

చెమటకు చెడునేమో యని వీరు దానిని ధరింపక, పత్రసహితముగా బ్యాంకు లాకరులో భద్రపరచి, తమ తండ్రిగారు శ్రీశైలమున ఏ పరీక్షయు లేక కొని తెచ్చిన పాత పంచముఖి మాలతోనే నిత్యము జపము చేసికొనుచున్నారు. శివరాత్రినాడు బ్యాంకునకు సెలవగుటచే, త్రయోదశినాడే వెళ్లి ధ్రువపత్రమును దర్శించి వచ్చుచున్నారు.