ఎగ్జిబిట్ ఎం-4

గుంటూరు జిల్లాలోని ఒక నూలు మిల్లులో డొమెస్టిక్ ఎంక్వైరీ ఫైలుని నేను. ఒక అట్ట, ఒక ట్యాగు, అంతే నా పుట్టుక. సూపర్‌వైజరు మీద చెయ్యి చేసుకున్నాడని ఒక కార్మికుడికిచ్చిన చార్జిషీటు నాలో మొదటి కాగితం. తేదీ, షిఫ్టు, వేళ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ కాగితాన్ని తలచుకుంటే నాకిప్పటికీ గర్వమే.

తర్వాతదంతా నా ఖర్మ. విచారణాధికారి ఒక్క పూటలో సాక్షులందరినీ ముగించి, క్రాస్ ఎగ్జామినేషన్ దగ్గర 'లేదు' అని రాసేశాడు. పక్కన కార్మికుడి సంతకం లేదు. విచారణ నివేదిక నకలూ అతనికివ్వలేదు. శిక్ష వేసేముందు ఆ నకలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 1993లోనే ఈసీఐఎల్ కేసులో చెప్పింది. ఈసీఐఎల్ ఉన్నది హైదరాబాదులోనే. అయినా ఆ కబురు మా పర్సనల్ ఆఫీసరు దాకా రానేలేదు. డిస్మిస్ ఆర్డరు నాలో గుచ్చి, నన్ను బీరువా మీదికి విసిరేశారు. అంచులు ఎలుకలు కొరికాయి. అటుగా వచ్చినవాళ్లు టీ గ్లాసు నా మీదే పెట్టేవాళ్లు. ఆ మరకలు ఇంకా పోలేదు.

కార్మికుడు పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 2-ఏ కింద లేబర్ కోర్టుకెక్కాక నేను గుర్తొచ్చాను. మిల్లు లాయరు గారు నన్ను తిరగేసి, "సంతకం ఏదండీ?" అన్నారు.

"ఇప్పుడు పెట్టిద్దామా సార్?" అన్నాడు పర్సనల్ ఆఫీసరు.

"పెట్టిస్తే ఫోర్జరీ కేసు కూడా నా నెత్తినే పడుతుంది."

ఆయన కౌంటరులో ఒక వాక్యం చేర్చారు: విచారణ చెల్లదని కోర్టు భావిస్తే, ఆరోపణను కోర్టులోనే రుజువు చేసుకునే అవకాశం ఇవ్వాలి. మిల్లును కాపాడింది ఆ వాక్యమే, నేను కాదు. నా మీద ఎం-4 అని ముద్రేశారు గానీ, విచారణ చెల్లదని ముందే తేల్చేశారు.

సూపర్‌వైజరు బోనెక్కాడు. దెబ్బ తిన్న మాట రుజువైంది. కానీ క్రాస్‌లో, ముందు కార్మికుడి తల్లిని తిట్టింది తనేనని ఒప్పుకున్నాడు. నాలో 'లేదు' అని రాసిన చోట ఉండాల్సిన జవాబది! జడ్జి గారు సెక్షన్ 11-ఏ కింద శిక్ష తగ్గించి, పాత జీతం లేకుండా ఉద్యోగం ఇమ్మన్నారు. గెలిచామని ఇద్దరూ చెప్పుకున్నారు.

తీర్పయ్యాక ఎగ్జిబిట్లు వాపసు తీసుకోవాలంటే ఒక అర్జీ పెడితే చాలు. కార్మికుడు తన అపాయింట్‌మెంటు ఆర్డరు పట్టుకెళ్లాడు. నా కోసం ఎవరూ రాలేదు. పర్సనల్ ఆఫీసరు ఈపాటికి ఇంకో ఫైలు తెరిచే ఉంటాడు. అందులోనైనా సంతకాలు పెట్టిస్తున్నాడో లేదో!