నా వెడల్పు సున్నా

నన్ను చూడాలంటే కళ్లు చాలవు, కంప్యూటర్ కావాలి. యూనికోడ్ పట్టికలో నా సంఖ్య 200సి. పూర్తి పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. తెరమీద చోటు పట్టను, కాగితం మీద సిరా ఖర్చు చేయించను. ఫైల్లో మాత్రం ఏ తెలుగు అక్షరానికీ తీసిపోకుండా మూడు బైట్లు తీసుకుంటాను. తెలుగులో నాకున్న పని ఒక్కటే. పొల్లు తర్వాత నిలబడి, వెనక వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపుతాను. నేనుంటే ‘సాఫ్ట్‌వేర్’. నేను లేకపోతే ‘సాఫ్ట్వేర్’. ఆ రెండోది గడగడా చదవమంటే చదువుకున్నవాళ్లూ ఓ క్షణం ఆగుతారు.

పారసీకం రాసేవాళ్లకు నాతో రోజూ పనే. క్రియాపదాల్లో ముందు ముక్కనీ వెనక ముక్కనీ కలవనివ్వకుండా, అలాగని మధ్యలో ఖాళీ కనిపించకుండా అర జాగాగా నన్ను వాడతారు. తెలుగులో అంత గిరాకీ ఉండేది కాదు. మనది అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. పొల్లుతో ముగిసే ఇంగ్లిష్ మాటలు వచ్చి చేరాకే నాకు చేతినిండా పని దొరికింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ చుట్టుపక్కల పుట్టే ప్రతి రెండో మాటకీ నేను కావాలి: నెట్‌వర్క్, పాస్‌వర్డ్, హార్డ్‌వేర్. లక్షల మందికి ఇచ్చినట్టే నాకూ సైబరాబాదే ఉద్యోగమిచ్చింది.

పేరు మాత్రం నా తమ్ముడు 200డి కొట్టేశాడు. అక్షరాలను కలపడం వాడి పని. ఎమోజీల్లో అమ్మనీ నాన్ననీ పిల్లల్నీ కలిపి ఒకే బొమ్మ చేసేది వాడే. నాకు దక్కింది అపనింద. 2018 ఫిబ్రవరిలో ఓ తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఖరీదైన ఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. లోకమంతా ‘జ్ఞా’ని తిట్టింది. మామూలు ‘జ్ఞా’ ఏ పాపమూ ఎరగదు. ఞ-కీ దీర్ఘానికీ మధ్య, నేను ఉండకూడని చోట, నన్ను ఇరికించారు. ఆ వరసని ఎలా గీయాలో ఫోన్‌కు తెలియలేదు. కొద్దిరోజుల్లోనే కంపెనీ సరిచేసింది. ఎలా సరిచేసిందో బయటివాళ్లకు కనబడే దారి లేదు, ఆ కోడ్‌కు తలుపులున్నాయి.

తలుపుల్లేని కోడ్‌లో నా కథ వేరేగా నడిచింది. గచ్చిబౌలిలో ‘స్వేచ్ఛ’ అనే సంస్థ ఉంది. లైనక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చింది, విద్యార్థులతో పాత కథలు పోగుచేయించి ‘చందమామ కథలు’ పేరుతో తెలుగు భాషా నమూనా తయారుచేయించింది. అలాంటి గాలి తగిలిన అమ్మాయే ఒకతి, వారమంతా రాయదుర్గంలో ఉద్యోగం, ఆదివారం కొండాపూర్ హాస్టల్ గదిలో ఓపెన్ సోర్స్. పాఠాల్లో మాటలు వెతికిపెట్టే ఓ చిన్న లైబ్రరీకి తెలుగు నేర్పుతోంది. ‘హైదరాబాద్’ అని వెతికితే సగం చోట్లే దొరుకుతోంది. మిగతా సగం కళ్లెదుటే ఉంది, లైబ్రరీ మాత్రం లేదంటోంది.

“దొరికిందీ దొరకందీ రెండూ ఒకటే కదక్కా?” అంది పక్క మంచం మీది జూనియర్.

“కంటికి ఒకటేనే. లెక్కపెట్టి చూద్దాం ఉండు.”

దొరికిన మాటలో యూనికోడ్ సంకేతాలు 9 తేలాయి, దొరకనిదాంట్లో 10. ఆ పదోదాన్ని నేనే. పాత డీటీపీ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే కొన్ని ప్రోగ్రాములు పొల్లు కనిపించిన ప్రతిచోటా నన్ను తగిలిస్తాయి. మాట చివర నాతో పనే లేదు, అయినా అక్కడే కూర్చోబెట్టి పోతాయి.

ఖాళీలు కత్తిరించే ఫంక్షన్ పెట్టింది. నేను ఖాళీని కాను, కదల్లేదు. యూనికోడ్ రూపాలను ఏకం చేసే ఎన్ఎఫ్‌సీ నడిపింది. అదీ నన్ను ముట్టుకోదు. అక్షరాలను మాత్రమే ఏరమని పైథాన్ రెగెక్స్‌కు చెప్పింది. నేను పోయాను, నాతోపాటు గుణింతాలూ పోయాయి! ఆ రెగెక్స్ లెక్కలో దీర్ఘమూ పొల్లూ అక్షరాలు కావు. హైదరాబాద్ కాస్తా హ, దర, బ, ద అని నాలుగు ముక్కలైంది. జూనియర్ పడీపడీ నవ్వింది.

విసిగిపోయి, దొరికిన చోటల్లా నన్ను చెరిపేసే ప్యాచ్ పంపింది. వెతుకులాట కుదిరింది. కానీ దొరికిన వాక్యాలన్నిటా ‘సాఫ్ట్వేర్’, ‘నెట్వర్క్’. రివ్యూ చేసిన వ్యక్తి పారసీకం చదివేవాడు. తెలుగు ఒక్క ముక్క రాదు, నేను మాత్రం తెలుసు. మూల పాఠం మీద చెయ్యి వేయొద్దన్నాడు. తన భాషలో ఇలా చెరిపితే ఏమవుతుందో రెండు ఉదాహరణలు ఇచ్చాడు.

అక్కడ దారి కనబడింది. ఆమె ప్రతి మాటకీ పోలిక కోసం ఒక నకలు తీయించింది. ఆ నకల్లో నేనుండను. చూపించేటప్పుడు అసలు పాఠమే వస్తుంది, నాతో సహా. మాట ఎక్కడ తెగుతుందో తేల్చడానికి రెగెక్స్‌ను వదిలి యూనికోడ్ 29వ అనుబంధంలోని నియమాలు పట్టుకుంది. ఆ నియమాల ప్రకారం నేను ముందున్న అక్షరానికి అంటుకునే ఉంటాను, మాటను రెండుగా కొయ్యను. నేనున్న మాట, లేని మాట, చివర అనవసరంగా వేలాడే మాట, అన్నిటికీ టెస్టులు రాసింది. పారసీకం ఉదాహరణలూ వాటిలో చేరాయి. ప్యాచ్ మెర్జ్ అయింది.

ఇది ఆ హాస్టల్ గదిలోనే తేలిన సంగతి కాదు. 2003 నాటి నియమాలు డొమైన్ పేర్లలోంచి నన్ను నిలువునా తుడిచేసేవి. 2010లో వచ్చిన కొత్త నియమాలు పొల్లు తర్వాతైతే ఉండొచ్చని ఒప్పుకున్నాయి. పెద్ద కమిటీలకు ఏళ్లు పట్టిన ఆ తీర్పు హైదరాబాద్‌లో ఓ అమ్మాయికీ, మరో భాష వాడికీ కోడ్ బయట ఉండబట్టి దొరికింది. ఇక ప్రోగ్రాములు రాసేవాళ్లకు నా మనవి: పోల్చేటప్పుడు నన్ను పక్కన పెట్టండి, అభ్యంతరం లేదు. రాతలోంచి మాత్రం తీసేయకండి. తీసేస్తే మీ ఉద్యోగం పేరే మీకు నోరు తిరగదు.