పన్నెండు గంటల పోటీకి నాలుగు రోజుల జనరేటరు

ఏటా మార్చిలో ఫ్లోరిడాలోని సెబ్రింగ్ దగ్గర వేలమంది కార్ల పోటీ అభిమానులు ఓ వ్రతం పడతారు. ఈ నాలుగు రోజులూ కరెంటు లైను, కుళాయి, డ్రైనేజీ గొట్టం ఏవీ అక్కర్లేదు, ఎవరి మీదా ఆధారపడం, స్వేచ్ఛగా బతుకుతాం అంటారు. అనేసి, టన్నుల బరువున్న ట్రైలరు ఇంటిని పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని బయల్దేరతారు.

ఇల్లంటే ఇల్లే. మంచాలు, ఫ్రిజ్, మైక్రోవేవ్, స్నానాల గది, నెత్తిన ఏసీ. స్వేచ్ఛ కోసం ఏం వదులుకొచ్చారా అని వెతికితే, గోడకుండే కరెంటు మీటరు ఒక్కటే తేలుతుంది.

పైగా ప్రకృతి ఒడి అంటారు. సెబ్రింగ్ ట్రాక్ ఉన్నది హెండ్రిక్స్ ఫీల్డ్ మీద. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బి-17 బాంబర్లు నడపడం నేర్పిన విమాన స్థావరం అది. 1952లో అక్కడ తొలి పన్నెండు గంటల పోటీ జరిగింది. పాత కాంక్రీటు పలకల అతుకుల మీద కార్లు ఇప్పటికీ ఎగిరెగిరి పడతాయి. ఆరు కిలోమీటర్ల చుట్టు, పదిహేడు మలుపులు. గొప్ప పోటీ, కాదనను. నా పేచీ కార్లతో కాదు, ఆ చుట్టు నడుమ ట్రైలరు పక్కన ట్రైలరు ఆనించి, పొగలో కుర్చీ వేసుకుని, "ఎంత ప్రశాంతంగా ఉందో!" అనేవాళ్ళతో. చమురు సంక్షోభం వల్ల 1974లో పోటీనే రద్దు చేశారు. ఇవాళ అలాంటిది వచ్చి కార్లను ఆపినా, ఈ జనరేటర్లను ఆపేదెవరు?

ఆ జనరేటరు సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. ట్రైలరు ఏసీ నడిచేటప్పుడు దాదాపు పదిహేను వందల వాట్లు లాగుతుంది. స్టార్టయ్యే క్షణంలో అంతకు రెట్టింపు అడుగుతుంది. చేత్తో మోసుకొచ్చే రెండువేల వాట్ల జనరేటరు ఆ దెబ్బకి మూలిగి చతికిలబడుతుంది. అప్పుడు ప్రకృతి ప్రేమికుడు రెండోది కొని, వైరుతో రెంటినీ జతకలుపుతాడు. పగలంతా ఇంజన్ల హోరు వినడానికి టికెట్టు కొన్న మనిషి, రాత్రి పడగ్గది కిటికీ కింద కూడా ఇంజను ఉండేలా ఖర్చు పెట్టుకున్నాడన్నమాట.

సోలారు వాళ్ళు వేరే తెగ. రెండు వందల వాట్ల పలకలు అయిదు గంటలు మంచి ఎండ తింటే ఒక్క యూనిట్ వస్తుంది. దాంతో ఏసీ గంటసేపు కూడా తిరగదు. అయినా సోలారు ఆసామి ఫోన్లోంచి తలెత్తడు. ట్రాక్ మీద ఎవరు ముందున్నారని అడిగిచూడండి, ట్రైలరు బ్యాటరీ 62 శాతం ఉందని చెబుతాడు.

నీళ్ళు నూట యాభై లీటర్లు, అంటే నూట యాభై కిలోల బరువు, మోసుకొచ్చి బొట్లు లెక్కపెట్టడం. తడుపుకో, కుళాయి కట్టెయ్, సబ్బు రాసుకో, కడుక్కో, బయటికి రా. ఇంట్లో అరగంట షవర్ కింద నిలబడే పిల్లలకు తండ్రి తలుపు బయట గడియారం పట్టుకుని పాఠం చెబుతాడు. పోనీ, అది మంచిదే.

అసలు కథ నేల కింద కాదు, ట్రైలరు కింద ఉంది. మరుగుదొడ్డి ట్యాంకు నిండుతున్నట్టు ఎర్ర దీపం వెలిగిన క్షణం నుంచి, ఏ చాంపియన్ డ్రైవరూ ఆ కుటుంబానికి కనపడడు. ముహూర్తం దాటిపోతుంటే పురోహితుడి కోసం చూసినట్టు సెప్టిక్ లారీ కోసం చూస్తారు. లారీ వచ్చి గొట్టం తగిలించాక, ఎవరి మీదా ఆధారపడం అన్న మాట బురబురమంటూ అందులోకే పోతుంది.

పన్నెండు గంటలు నడిచే కారుకు సాధారణంగా ముగ్గురు డ్రైవర్లు. ఒకరు నడుపుతుంటే మిగతావాళ్ళు నడుం వాలుస్తారు. పెట్రోలు పోయడానికి, టైర్లు మార్చడానికి వేరే మనుషులు. ట్రైలరుకు మాత్రం డ్రైవరూ, పెట్రోలు పోసేవాడూ, ప్లంబరూ ఒక్కడే. మరి దమ్మున్నది ఎవరికంటారు?

టాంపాలోనో ఓర్లాండోలోనో ఉద్యోగం చేసుకునే మన కుర్రాడికి ఈ గాలి సోకి, ట్రైలరు మెట్ల మీద నుంచి గుంటూరుకు వీడియో కాల్ చేశాడే అనుకోండి. తల్లి ఏమంటుంది? "కరెంటు లేదంటున్నావు, నీళ్ళు కొలిచి పోసుకుంటున్నామంటున్నావు. దానికి డబ్బు కూడా కట్టావా నాన్నా? ఆ ముచ్చటకి మే నెల్లో ఇంటికొస్తే చాలదూ?"

నిర్వాహకులకు ఓ మనవి. ట్రాక్ మీద వేర్వేరు తరగతుల కార్లు ఒకేసారి పరుగెత్తినా, ఏ తరగతి బహుమతి ఆ తరగతికే ఇస్తారు కదా. ట్రైలర్లకూ అలాగే పెట్టండి. ఒకటి జనరేటరు తరగతి, ఒకటి సోలారు తరగతి. మూడోది, పొద్దుగూకాక పక్కవాడి జనరేటరుకు ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించుకుని, పొద్దున్నే వాడికే శబ్ద కాలుష్యం గురించి చెప్పేవాళ్ళ తరగతి. కప్పులు ఎక్కువ చేయించాల్సింది దానికే.