పథ్యభంగమునకు సంజాయిషీ

కేంద్ర ఆరోగ్యశాఖ కార్యదర్శిగారు 2025 జూన్ 21వ తేదీన సమస్త శాఖలకు వ్రాసిన లేఖయు, అది బయటపడగానే సమోసాకు సిగరెట్టుపెట్టె గతి పట్టినదని పత్రికలు గగ్గోలు పెట్టుటయు, వెంటనే సర్కారువారు అట్టిదేమియు లేదు, బండ్లమీది తినుబండారములను మేము వేలెత్తి చూపలేదు, అది సున్నితముగా గుర్తుచేయుట మాత్రమేయని సవరించుకొనుటయు పాఠకులకు విదితమే. ఆ లేఖ ననుసరించి కార్యాలయముల గోడలకు నూనె, చక్కెరల లెక్క చెప్పు బోర్డులు వ్రేలాడవలెను. లెటరుహెడ్డులపైన, కవర్లపైన, ఫోల్డర్లపైన హితవాక్యములు అచ్చు కావలెను. ఉద్యోగులు లిఫ్టు మాని మెట్లెక్కవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని బోర్డు చూచియు జిలేబీ తిన్నవానిని తిరిగి పథ్యములోనికి తెచ్చు విధానమేమో ఆ లేఖలో లేదు. ఉత్తరువున్నచోట ఉల్లంఘన ఉండక మానదు. ఉల్లంఘన జరిగినచోట ఫైలు తెరువక తప్పదు. ఫైలు లేని పాపము ప్రభుత్వ కార్యాలయములో పాపముక్రింద జమ కాదు.

ఆ కొరతను తీర్చు సదుద్దేశముతో, సర్వీసు నిబంధనల సంప్రదాయమునకు భంగము రానీయక, ఒక ముసాయిదాను సిద్ధము చేసితిని. ఒక జిల్లా కార్యాలయమును, అందొక సీనియర్ అసిస్టెంటును ఊహించుకొనుడు. చక్కెరవ్యాధి పొలిమేరలో నున్నదని డాక్టరు చెప్పిన నాటినుండి ఆయన రాత్రి అన్నము మాని జొన్నరొట్టెతో, ఆకుకూర పప్పుతో నెట్టుకొని వచ్చుచున్నాడు. ఒక శుక్రవారము సాయంత్రము, సూపరింటెండెంటుగారికి ప్రమోషను వచ్చిన శుభసందర్భమున, నడుమ చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండిన మిరపకాయ బజ్జీలు రెండును, పాకము ఇంకను కారుచున్న జిలేబీ ఒకటియు, పాత స్టేట్‌మెంటు కాగితముపై ఆయన బల్లమీదికి వచ్చినవి. సరిగా బోర్డు క్రిందనే కూర్చుండి ఆయన వానిని భుజించినాడు. కాగితముపై మిగిలిన నూనె మరక ప్రథమ సాక్ష్యము; అటెండరు రెండవ సాక్షి, ఏలయనగా ఆతడును తిన్నాడు.

సోమవారము ఉదయము ఛార్జి మెమో వచ్చును. దాని శిరోభాగమున నూనె తగ్గింపుడను హితవాక్యము అచ్చయి యుండును గనుక నేరమును వేరుగా వర్ణింప బనిలేదు. మీపై శాఖాపరమైన చర్య ఏల తీసికొనరాదో ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెనని మాత్రము ఉండును. ఆయన సంజాయిషీలో మొదటి బజ్జీని ఒప్పుకొనును. రెండవదానిని పై అధికారి స్వహస్తముతో పెట్టినందున తిరస్కరించుట అవిధేయత యగునని వాదించును. జిలేబీ విషయమున రికార్డులు పరిశీలించి మనవి చేసెదనని గడువు కోరును. అంతట విచారణాధికారి నియమితుడగును. కాగితముపై మిగిలిన పాకమును నిందితుడు వ్రేలితో నాకెనా, లేక విడిచిపెట్టెనా యను కీలకాంశముపై సాక్షుల వాఙ్మూలములు నమోదగును. విచారణ ముగియువరకు నిందితుడు భోజనమునుండి సస్పెండు; సస్పెన్షను కాలమున జీవనభృతిగా నిమ్మకాయ నీళ్లును, మీగడ తీసిన మజ్జిగయు లభించును.

ఇచ్చట ముసాయిదాలో ఒక చిక్కు వచ్చినది. మూడు దినములు మజ్జిగపై గడపిన మనుష్యుడు నాలుగవ రాత్రి ఇంటిల్లిపాదియు నిద్రించిన పిదప వంటింటిలోనికి పోయి, మిగిలిన పులిహోరను గిన్నెతో సహా ఖాళీ చేయును. ఎట్లును చెడితిని గదా, ఇక ఆదివారమువరకు తిని, సోమవారమునుండి గట్టిగా మొదలుపెట్టుదమని కూడ తీర్మానించుకొనును. మొదటి మెమో తేలకమునుపే రెండవ మెమో ఇయ్యవలసి వచ్చును. శిక్షయే నేరమును కన్నప్పుడు నేరమును ఏ పద్దులో వ్రాయవలెనో ఆర్థికశాఖవారి అభిప్రాయమునకై ఫైలు పంపితిని, తిరిగి రాలేదు.

తుదకు జీవో వెలువడును. నిందితుని తిరిగి పథ్యములోనికి తీసికొనవచ్చును. సస్పెన్షను కాలమును డ్యూటీక్రింద పరిగణింపరాదు. రెండు సంక్రాంతుల అరిసెలు క్యుములేటివ్ ఎఫెక్టుతో కోత. ఈ జీవో చేతికందునాటికి ఆయన రిటైరై యుండును, లేదా పొలిమేరలో నున్న వ్యాధి ఊరిలోనికి వచ్చి యుండును.

ఇంతకు మునుపే, ఆ శుక్రవారము రాత్రి, ఆయన ఇంటిలో ఒక సంభాషణ జరిగినది.

"ఏమండీ, ఆఫీసులో ఏదో తిన్నట్టున్నారు. రొట్టె ఒకటే వెయ్యనా?"

"ఒకటి చాల్లే. పప్పు కొంచెం ఎక్కువ వెయ్యి."

మరునాడు ఉదయము ఎప్పటివలెనే రాగిజావ త్రాగి నడకకు పోయినాడు. తప్పటడుగు వేసినవాడు దారిలోనికి వచ్చుట యనగా ఇంతే. పూట గడచినది, తరువాతి పూట మామూలే. కాని దీనికి ఫైలు నంబరు లేదు గనుక ప్రభుత్వము పరిగణనలోనికి తీసికొనజాలదు.

ముసాయిదాను ఇంతటితో మూసివేయుచున్నాను. ఏలయనగా ఇక నవ్వు రాకున్నది. బడి యెదుటి కిరాణాకొట్టుముందు, పిల్లవాని చేయి అందునంత ఎత్తున, అయిదు రూపాయల పొట్లములు దండలు దండలుగా వ్రేలాడుచున్నవి. 2024లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనకు చెప్పిన 17 సూత్రములలో లేబులు చదివి కొనుడనునది ఒకటి. ఎక్కడ చదువుట? పొట్లము వెనుక, మడతలో, ఆవగింజంత యక్షరములలో, ఆ పిల్లవాని తల్లికి రాని భాషలో నున్నదానినా? చిలీ దేశము 2016లోనే ఉప్పు, చక్కెర, కొవ్వు మితిమీరిన పొట్లముల ముఖముననే నల్లని అష్టకోణ ముద్ర వేయించినది. మన ఆహార ప్రమాణాల సంస్థ 2022లో ముసాయిదా తెచ్చి, హెచ్చరికకు బదులు నక్షత్రములు పంచెదమన్నది. ఎంత పాడు తిండికైనను అర నక్షత్రము తప్పదు! దానిపై వచ్చిన అభిప్రాయములు 14,000. 2025 ఏప్రిలులో సుప్రీంకోర్టు మూడు నెలలలో తేల్చుడనగా, ఆ జూలైలో మరి మూడు నెలల గడువు పుచ్చుకొన్నారు. ఈ ఆహార ప్రమాణాల సంస్థ పరాయిది కాదు. లేఖ వ్రాసిన ఆరోగ్యశాఖ నీడలోనిదే. గోడమీది బోర్డులో బర్గరును, శీతలపానీయమును కూడ చూపుదురట. చూపవచ్చును, గోడ మాటలాడినంత మాత్రమున పొట్లమునకు వచ్చు నష్టమేమి?

ఒక్కటి తినిన ఆగనీయని రుచి కొరకు నిపుణులను జీతములిచ్చి పోషించు కంపెనీలకు గడువుమీద గడువు. సాయంత్రము నాలుగింటికి ఆకలివేసిన గుమాస్తాకు హితబోధ. మీ బోర్డులు మీరే చదువుకొనుడు. ఆ పొట్లము ముందువైపున, తెలుగులో, ఇందులో ఉప్పు ఎక్కువ, చక్కెర ఎక్కువ యని వ్రాయించుటకు ఎవరికి జంకుచున్నారో ఆ పేరు మాత్రము చెప్పుడు.