మెట్ల కింద నా కాపు

నాకు ఆకు లేదు, వేరు లేదు, మట్టితో పని లేదు. ఉడికించిన జొన్నగింజల చుట్టూ తెల్లటి పోగులుగా అల్లుకుని, చిన్న సంచిలో తెనాలిలోని ఈ ఇంటికి వచ్చాను. ముత్యపు చిప్ప పుట్టగొడుగుల వంశం నాది. మీరు కోసుకుని వండుకునే గొడుగులు నా కాయలు మాత్రమే. నేను ఎప్పుడూ గడ్డి లోపలే ఉంటాను.

తొలకరి వానలకు పుట్టల మీద లేచేవాళ్లు వేరు. వాళ్లకు చెదపురుగుల తోడు లేనిదే బతుకు లేదు, అందుకే ఇళ్లలో పెంచడం కుదరదు. మాది ఎండిన మానులను తిని బతికే వంశం. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1917లో, ఫాల్క్ అనే ఆయన జర్మనీలో మమ్మల్ని చెట్ల మొద్దుల మీద పెంచాడు. మన దేశంలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థలో పనిచేసిన బానో, శ్రీవాస్తవ 1962లో మమ్మల్ని వరిగడ్డి మీద పెంచే పద్ధతిని ప్రకటించారు. వరి పండే ప్రతి ఊళ్లోనూ నాకు అన్నం ఉందని తేల్చిన పని అది. ఆ ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను.

ఆ అన్నాన్నే ఇప్పుడు చాలాచోట్ల చేలోనే తగలబెడుతున్నారు. కోత యంత్రం వదిలేసిన గడ్డి పొగై పోతుంటే నా కడుపు మండుతుంది. గడ్డిలో లిగ్నిన్ అనే మొండి పదార్థం ఉంటుంది. ఆవు నాలుగు అరల పొట్ట కూడా దాన్ని అరిగించుకోలేదు. నా పోగులు ఊరించే రసాలు దాన్ని విడగొడతాయి. మనిషి తినలేని గడ్డిని మనిషి తినే కూరగా మార్చేది ఆ రసాలే.

ఈ ఇంటి కోడలు గడ్డిని రెండు అంగుళాలకు మించకుండా నరికి, రాత్రంతా నీళ్లలో నానబెట్టింది. పొద్దున్నే పెద్ద గుండిగలో పొగలు కక్కే నీళ్లలో, ఎనభై డిగ్రీల వేడి తగ్గకుండా, గంటసేపు ఉంచింది. తర్వాత కడిగిన గచ్చు మీద శుభ్రమైన దుప్పటి పరిచి ఆరబోసింది. నా బతుకు తేలేది అక్కడే. తడి ఎక్కువైతే గాలాడక గడ్డి పులుస్తుంది, మరీ ఆరితే నేను పాకలేను. వేడి చాలకపోతే నాకంటే ముందు పచ్చబూజు లేస్తుంది. అది గడ్డిని మాత్రమే కాదు, నన్నూ తినేస్తుంది.

"ఇంకా తడుందేమో చూడమ్మాయ్" అంది పెద్దావిడ.

"పిండి చూశానత్తయ్యా. చుక్క రాలడం లేదు, అరచెయ్యి మాత్రం చెమ్మయింది."

సరిగ్గా అదే కావాలి. సబ్బుతో చేతులు కడుక్కుని, ఒక వరస గడ్డి, అంచు వెంబడి నా గింజలు, మళ్లీ గడ్డి, ఇలా సంచి నింపి మూతి కట్టి, చుట్టూ చిల్లులు పెట్టి, మెట్ల కింద గదిలో చీకట్లో ఉంచింది. రెండు మూడు వారాల్లో గడ్డి పోచ పోచకూ పాకి, సంచంతా తెల్లబడేలా చేస్తాను.

ఆ తర్వాతే చాలామంది నన్ను ఇబ్బంది పెడతారు. చీకట్లో బాగా పాకింది కదా అని తలుపు మూసే ఉంచుతారు. కానీ మీరు పీల్చే గాలినే నేనూ పీలుస్తాను, మీరు వదిలే గాలినే వదులుతాను. అది గదిలో నిలిచిపోతే నా కాడలు సాగిపోతాయి, గొడుగులు విచ్చుకోవు. కాపు వేళకు కిటికీ తీయాలి, పేపరు చదువుకునేంత వెలుతురు రావాలి. గోడల వెంట తడి గోనెలు వేలాడదీసి, సంచి పక్కన పొగమంచులా నీళ్లు చల్లాలి. అప్పుడు చిల్లుల్లోంచి మొటిమలంత మొగ్గలు తోసుకొస్తాయి. మూడు నాలుగు రోజుల్లో విచ్చుకుంటాయి. అంచులు పైకి తిరగకముందే గుత్తి మొత్తం మెలిపెట్టి తీయండి. ఆలస్యమైతే నా బీజాల పొడి గాల్లో కలిసి కొందరికి దగ్గు తెప్పిస్తుంది.

కిలో ఎండుగడ్డికి, రెండు మూడు కాపుల్లో, అరకిలోకు తగ్గకుండా ఇవ్వగలను. ఇంట్లో నలుగురికి రెండు పూటల కూర. దీన్నే పెద్ద వ్యాపారంగా చూపించి ఆశపెట్టేవాళ్ల మాట నాకు నచ్చదు. నా ఒళ్లు మెత్తన. కోసిన మర్నాటికే వాడిపోతాను, బుట్టలో కుక్కితే నలిగిపోతాను. మెట్ల కింద నుంచి పొయ్యి మీదికి పది అడుగుల దూరం వెళ్లినప్పుడే నా రుచి నిలుస్తుంది. ఉల్లి, మిరియాలు వేసి పెద్దావిడ వండే ఇగురులో నేను ఎలా ఉంటానో అంగడి పొట్లంలో అలా ఉండలేను. తరిగిన ముక్కల్ని వండేముందు కాసేపు ఎండలో పెడితే నాలో డి విటమిన్ పెరుగుతుంది. చీకటి గదిలో పుట్టినా ఆ ఒక్క మేలుకు ఎండ కావాలి. పచ్చిగా మాత్రం తినకండి.

కృష్ణా డెల్టాలో అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నా కాలం. రోహిణీ కార్తె ఎండల్లో నా జోలికి రాకండి, గడ్డి వృథా.

ఇప్పుడు మూడో కాపు అయిపోయింది. గడ్డి మెత్తబడి చివికింది. రేపు దీన్ని జామచెట్టు పాదులో వేస్తారట, మంచి పని. కొత్త సంచి కట్టేలోగా గది కడిగి ఆరనివ్వండి. పాదులో కూడా నేను బతికే ఉంటాను, చలికాలపు చినుకు పడితే మళ్లీ గొడుగు విప్పొచ్చు. అక్కడ మాత్రం నన్ను కొయ్యకండి. అదే చెమ్మలో వేరే జాతులూ లేస్తాయి, వాటిలో విషమున్నవీ ఉంటాయి. సంచిలో కాసినవే గిన్నెలో వేయండి.